మేడ మీద డిష్ కేబుల్ దెబ్బతింది: జాయింటు వేయాలా, మొత్తం మార్చాలా?

లాసన్స్‌బే_సుధ
అందరికీ నమస్తే. మాది లాసన్స్ బే కాలనీలో పాత అపార్ట్‌మెంట్. మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. వానలు ముదిరేలోపు మేడ మీద వాటర్‌ఫ్రూఫింగ్ చేయిస్తున్నాం. పాత పెచ్చులు కొడుతుండగా పిట్టగోడ వెంబడి వెళ్లే మా డిష్ కేబుల్ మీద సుత్తి పడింది. వైరు పూర్తిగా తెగలేదు. పై తొడుగు చీలి లోపలి మెష్ (సన్న తీగల జాలీ) బయటికి వచ్చింది, ఒకచోట వైరు బాగా అణిగిపోయింది.

చిత్రం ఏమిటంటే దెబ్బ తగిలాక కూడా టీవీ బాగానే వచ్చింది. మొన్న రాత్రి జల్లు పడ్డాక సగం ఛానెళ్లు పోయాయి. మిగతావి శుభ్రంగా వస్తున్నాయి. మధ్యాహ్నం ఎండ ముదిరాక పోయినవాటిలో కొన్ని తిరిగొస్తున్నాయి, చీకటి పడితే మళ్లీ మామూలే.

మేడ నుంచి రెండో అంతస్తులో మా హాలు దాకా సుమారు 25 మీటర్ల వైరు. సగానికి పైగా గోడలోని పైపులోంచే వస్తుంది. ఆ పైపు పూడుకుపోయింది, కొత్త వైరు లాగలేమని ఎలక్ట్రీషియన్ చేతులెత్తేశాడు. "తెంచి, మెలిపెట్టి, టేపు చుట్టేద్దాం మేడమ్, ఏం కాదు" అంటున్నాడు. నిజంగా ఏం కాదా?

వైజాగ్‌కుర్రోడు
ఏం కాదు సుధ గారూ. మా అక్కయ్యపాలెం ఇంట్లో కేబుల్ టీవీ వైరు మెలిపెట్టి టేపు చుట్టిందే. ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది. ఈ మాత్రానికి టెన్షన్ ఎందుకు?

గాజువాక_డిష్‌మాస్టర్
తమ్ముడూ, కేబుల్ టీవీ వేరు, డిష్ వేరు. కేబుల్ ఆపరేటర్ సిగ్నల్ ఎంత పైకి వెళ్లినా 860 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, ఎక్కువ ఛానెళ్లు అంతకంటే బాగా కిందే ఉంటాయి. డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టే చిన్న పరికరం ఎల్‌ఎన్‌బీ నుంచి కిందికి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 దాకా. నీ వైరు తట్టుకున్నది ఆవిడ వైరు తట్టుకోదు.

సుధ గారూ, సగం ఛానెళ్లే ఎందుకు పోయాయో చెప్తాను, దాన్ని బట్టి రోగం ఎక్కడుందో తెలుస్తుంది. మీ కేబుల్‌లో సిగ్నల్ కిందికి వస్తుంటే కరెంటు పైకి వెళ్తుంది. సెట్‌టాప్ బాక్సు అదే వైరులో ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులో, 18 వోల్టులో పంపిస్తుంది. 13 అందితే ఎల్‌ఎన్‌బీ నిలువు తరంగాలను పట్టుకుంటుంది, 18 అందితే అడ్డం తరంగాలను. ఛానెళ్లు ఈ రెండు గుంపుల్లో పంచి ఉంటాయి. దెబ్బతిన్న చోట కోర్ (నడుమ తీగ) తుప్పు పట్టి 20 ఓంల నిరోధం పెరిగిందనుకోండి. ఎల్‌ఎన్‌బీ 150 మిల్లీఆంపియర్లు లాగితే 3 వోల్టులు అక్కడే పోతాయి. బాక్సు 18 పంపినా పైన అందేది 15. ఎల్‌ఎన్‌బీ అయోమయంలో పడి 13 అనుకుంటుంది, అడ్డం గుంపు మొత్తం గల్లంతు. తడి ఉన్నప్పుడు కోర్‌కీ మెష్‌కీ మధ్య ఉప్పునీటి గుండా కొంత కరెంటు లీకవుతుంది కాబట్టి ఇంకా దిగుతుంది. ఎండకి ఆరితే లేచి కూర్చుంటుంది.

అంటే మీ డిష్ కదల్లేదు, ఎల్‌ఎన్‌బీ పోలేదు. ఎవరైనా వచ్చి ఎల్‌ఎన్‌బీ మార్చాలంటే ముందు వైరు సంగతి చూడమనండి.

పెదవాల్తేరు_మాష్టారు
డిష్‌మాస్టర్ కరెంటు సంగతి చెప్పారు, నేను తరంగం సంగతి చెప్తాను. పాఠం చెప్పి చెప్పి అలవాటైన నోరు, ఓపిక పట్టండి.

మన ఇళ్లలో వాడే ఆర్‌జీ-6 కేబుల్‌లో నడుమ తీగ సుమారు 1 మిల్లీమీటరు, దాని చుట్టూ తెల్ల ఫోమ్ 4.6 మిల్లీమీటర్లు, ఆ పైన రేకు, మెష్, తొడుగు. ఈ కొలతల నిష్పత్తి, ఫోమ్ గుణం కలిసి 75 ఓంల ఇంపెడెన్స్ ఇస్తాయి. 75 అనేది తీగ నిరోధం కాదు, మల్టీమీటరు పెడితే ఆ అంకె కనిపించదు. కేబుల్ పొడవునా తరంగానికి ఎదురయ్యే గుణం అది. ఎక్కడైనా కొలత మారితే తరంగంలో కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. సుత్తి దెబ్బకి వైరు అణిగింది చూశారా, అక్కడ ఫోమ్ పలచబడి ఇంపెడెన్స్ తగ్గింది. మెలిపెట్టిన చోట మెష్ విడిపోయి పెరుగుతుంది.

ఇక రెండు వైరులూ ఎందుకు ఒకేలా ప్రవర్తించవు? కేబుల్‌లో తరంగం కాంతి వేగంలో 83 శాతం దాకా వెళ్తుంది. 1500 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం ఇంచుమించు 16 సెంటీమీటర్లు. మెలిపెట్టిన జాయింటు 3 సెంటీమీటర్లు ఉంటే అందులో ఐదో వంతు, తరంగం దాన్ని చూడకుండా పోదు. 200 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం మీటరు దాటి ఉంటుంది, దానికి ఆ 3 సెంటీమీటర్లు లెక్కలోకి రావు. కుర్రోడి వైరు పనిచేస్తోందన్న మాట అబద్ధం కాదు, ఇక్కడ వర్తించదంతే.

వైజాగ్‌కుర్రోడు
సరే మాష్టారూ, ఒప్పుకున్నా. కానీ మా ఆపరేటర్ కుర్రాళ్లు కూడా మెలిపెట్టే పోతారు కదా?

గాజువాక_డిష్‌మాస్టర్
పోతారు. పక్కింటి వాళ్లకి గళ్లు గళ్లుగా బొమ్మ వస్తే మళ్లీ వస్తారు. విడిపోయిన మెష్ లోంచి బయటి మొబైల్ సిగ్నళ్లు లోపలికి దూరతాయి. ఒక ఇంటి చెత్త జాయింటు వీధి మొత్తాన్ని పాడు చేయగలదు. అన్నట్టు, స్తంభం మీద నుంచి వచ్చే ఆపరేటర్ మెయిన్ లైన్‌ని మాత్రం ఎవరూ కోయకండి. వీధి ఆంప్లిఫయర్లకి అందులోంచే కరెంటు పంపుతారు.

లాసన్స్‌బే_సుధ
మాష్టారి పాఠం మా అబ్బాయికి కూడా చదివి వినిపించాను, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. "ఇది మాకు సిలబస్‌లో ఉందమ్మా" అన్నాడు. మేడ ఎక్కి చూడరా అంటే ఎక్కలేదు.

నేనే ఎక్కాను. బాక్సు ప్లగ్గు తీసేసి, అణిగిన చోట వైరు కోసి తొడుగు ఒలిచాను. మెష్ మెరుస్తూ ఉంటుందనుకున్నాను. బూడిద రంగుకి తిరిగి, వేలితో రాస్తే తెల్ల పొడి రాలుతోంది. కొన్ని పోగులు ముట్టుకుంటేనే విరిగిపోతున్నాయి. నడుమ తీగ మీద పచ్చగా చిలుము. నాలుగు వేళ్ల మేర ఒలిచినా లోపల తడి తగులుతూనే ఉంది. డిష్ వైపు ముక్క బాగానే ఉంది, కింద ఇంట్లోకి వెళ్లే ముక్కే ఇలా ఉంది. ఇప్పుడు జాయింటు వేయొచ్చా?

గాజువాక_డిష్‌మాస్టర్
ఇప్పుడే వేయకండి. నీళ్లు పల్లానికి పోతాయి. మెష్ పోగుల సందుల్లోంచి తడి దీపపు వత్తిలో నూనె పాకినట్టు పాకుతుంది, అందుకే కిందికి వెళ్లే ముక్క తడిసింది, పైది బతికింది. ఆ తెల్ల పొడి అల్యూమినియం తుప్పు. ఆర్‌జీ-6 లో మెష్ ఎక్కువగా అల్యూమినియమే, ఉప్పు గాలికి అది ముందు పోతుంది.

మీరు చేయాల్సింది ఒక్కటే. మెరిసే మెష్, పొడి ఫోమ్ కనిపించేదాకా కొంచెం కొంచెంగా కోసుకుంటూ వెళ్లండి. జానెడు పోనీ, మూరెడు పోనీ. పోయిన పొడవుకి నడుమ కొత్త ముక్క వేసి రెండు జాయింట్లు పెట్టుకోవచ్చు. చెడిన మెష్ మీద ఎంత ఖరీదైన కనెక్టర్ వేసినా వచ్చే వానకి మళ్లీ ఇదే పోస్టు పెడతారు. పైపు మూతి దాకా కోసినా తడి తగులుతుంటే అప్పుడు జాయింటు ఆలోచన మానేసి వేరే దారిలో కొత్త వైరు వేయాల్సిందే.

కోసిన తర్వాత ఒక పరీక్ష. కింద బాక్సు నుంచి కూడా వైరు ఊడదీయండి. రెండు చివరలూ దేనికీ తగలకుండా ఉంచి, మల్టీమీటరు పెద్ద ఓంల రేంజిలో పెట్టి నడుమ తీగకీ మెష్‌కీ మధ్య చూడండి. ఏ అంకే రాకూడదు. లక్షల ఓంలు అని ఏదో అంకె ఊగుతూ ఉంటే లోపల ఇంకా తేమ ఉన్నట్టే. తర్వాత కింది చివర తీగనీ మెష్‌నీ చిన్న వైరుతో కలిపి పైనుంచి చూడండి. అంత పొడవుకి మూడు నాలుగు ఓంలకి మించితే అనుమానించాలి.

భీమిలి_బాబాయ్
అమ్మాయ్, చేసే ముందు సామాను మంచిది కొనుక్కో. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్ షాపుల్లో డిష్ వైరు చివర బిగించే ఎఫ్ కనెక్టర్లు మూడు రకాలు చూపిస్తారు. చేత్తో తిప్పి ఎక్కించేవి ఒకటి, ప్లయర్‌తో నొక్కేవి ఒకటి, కంప్రెషన్‌వి ఒకటి. మొదటి రకం ముట్టుకోకు, గాలికి వైరు ఊగితే వదులైపోతుంది. కంప్రెషన్‌ది చుట్టూ సమానంగా బిగుస్తుంది, లోపల రబ్బరు రింగు ఉన్నది దొరికితే ఇంకా మంచిది. దానికి వేరే టూల్ కావాలి. నీకు కొనడం దండగ, తెలిసిన డిష్ కుర్రాడి దగ్గర పది నిమిషాలు అడిగి తీసుకో.

కొత్త ముక్క కొనేటప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లు. నడుమ తీగకి అంటుకుంటే అది ఇనుము మీద రాగి పూత. అంటుకోకపోతే రాగి కావచ్చు. షాపువాడు ఏం చెప్పినా అయస్కాంతం అబద్ధం ఆడదు.

వైజాగ్‌కుర్రోడు
బాబాయ్, ఇనుము తీగ అయితే సిగ్నల్ రాదా?

పెదవాల్తేరు_మాష్టారు
వస్తుంది. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి పైపొరలో రెండు మైక్రోమీటర్ల లోతులోనే నడుస్తుంది. లోపల ఇనుమున్నా సిగ్నల్‌కి పట్టదు. కానీ ఎల్‌ఎన్‌బీకి వెళ్లే కరెంటు తీగ మొత్తం వాడుకుంటుంది, ఇనుముకి నిరోధం ఎక్కువ. 25 మీటర్లకి ఇబ్బంది లేదు, చాలా పొడవైతే తేడా తెలుస్తుంది. అసలు ప్రమాదం బ్లేడుతో ఒలిచేటప్పుడు. రాగి పూత మీద గీత పడితే అక్కడ ఇనుము బయటపడుతుంది, మన సముద్రపు గాలికి అక్కడే తుప్పు మొదలై తీగ పుటుక్కుమంటుంది.

గాజువాక_డిష్‌మాస్టర్
అందుకే ఒలిచే టూల్ వాడమంటాను. చిన్న డబ్బాలా ఉంటుంది, వైరు చుట్టూ తిప్పితే రెండు బ్లేడ్లూ కొలత ప్రకారం కోస్తాయి. లేకపోతే తేలిక చేతితో చేయండి. చివర 6 మిల్లీమీటర్లకి కాస్త పైగా ఒట్టి తీగ, దాని వెనక మరో 6 మిల్లీమీటర్లు తెల్ల ఫోమ్, ఆ తర్వాత తొడుగు. ఫోమ్‌కి అంటుకున్న రేకు అలాగే ఉండాలి, పీకేయకండి. మెష్ మొత్తం వెనక్కి దువ్వి తొడుగు మీదికి మడవండి. ఇక్కడే చాలామందికి దెబ్బ తగులుతుంది: వెంట్రుకంత పోగు ఒక్కటి తీగకి తగిలినా షార్టు. కళ్లద్దాలుంటే పెట్టుకుని చూడండి.

కనెక్టర్ లోపలికి తోసినప్పుడు తెల్ల ఫోమ్ లోపలి అంచుతో సమానంగా కనిపించాలి. లోపలే ఉండిపోతే ఇంకా తోయాలి. తీగ నట్టు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. తక్కువైతే రెండు కనెక్టర్లని కలిపే జాయినర్‌లో అందదు, ఎక్కువైతే వంగుతుంది.

రెండు కనెక్టర్ల మధ్య జాయినర్ మంచిది పెట్టండి. జాయింటు వల్ల సిగ్నల్ తగ్గుతుందని భయపడకండి. మంచి జాయినర్‌లో పోయేది అర డీబీ (సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత) లోపే. మీ 25 మీటర్ల వైరే పై ఫ్రీక్వెన్సీల దగ్గర ఏడెనిమిది డీబీలు తినేస్తుంది. ఎల్‌ఎన్‌బీ 50 డీబీలకి పైగా పెంచి పంపిస్తుంది కాబట్టి ఈ అరకి లోటేమీ రాదు.

భీమిలి_బాబాయ్
కుర్రాళ్లందరూ జాయింటు దాకా చెప్పి ఆపేస్తారు. మన ఊళ్లో అసలు పని అక్కడినుంచే మొదలు.

ఎప్పుడైనా గమనించారా, విశాఖలో డిష్‌లు సముద్రం వైపే చూస్తాయి. డీడీ ఫ్రీడిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. మనకి దక్షిణానికి కొంచెం తూర్పుగా, అంటే నేరుగా నీళ్ల మీదికి. ఎల్‌ఎన్‌బీ మూతి డిష్ వైపు తిరిగి ఉంటుంది కాబట్టి దాని వీపు సముద్రానికి ఎదురు. కనెక్టర్ ఉండేది ఆ వీపు కిందే. ఉప్పు తుంపర ముందు తగిలేది అక్కడే. కాబట్టి అమ్మాయ్, జాయింటుతో పాటు ఆ కనెక్టర్ కూడా విప్పి చూడు.

మామూలు ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుడితే లాభం లేదు. ఒక్క వేసవికి జిగురు కరిగి జారుతుంది, లోపల చేరిన నీరు బయటికి రాదు. సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు అని అడుగు. నల్లటి రబ్బరు, జిగురుండదు. సాగదీసి చుడితే తనకి తానే అతుక్కుని ఒకే ముద్దవుతుంది. కింది నుంచి పైకి చుట్టుకుంటూ రావాలి, అప్పుడు ప్రతి మడతా కింది మడత మీదికి వచ్చి నీరు జారిపోతుంది. దాని మీద ఎండ తగలకుండా మామూలు టేపు ఒక వరస. సిలికాన్ పూయాలనుకుంటే వెనిగర్ వాసన వచ్చేది వద్దు, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది.

జాయింటు నేల మీద, నీరు నిలిచే చోట పెట్టకు. పిట్టగోడకి లోపలి వైపు చిన్న ప్లాస్టిక్ పెట్టె బిగించి అందులో పెట్టు. వైర్లు కిందినుంచే లోపలికి రావాలి. పెట్టె చేరే ముందు వైరు కాస్త కిందికి వేలాడి పైకి ఎక్కాలి, వాన నీరు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతుంది. పెట్టె అడుగున చిన్న రంధ్రం ఉంచు. చెమ్మ ఎలాగూ చేరుతుంది, పోయే దారి ఉండాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేడల మీద డిష్‌లు ఎలా లేచిపోయాయో చూసినవాళ్లం. క్లిప్పులు కూడా దగ్గర దగ్గరగా కొట్టించు. వైరు ఊగిందంటే ఎంత మంచి జాయింటైనా అరుగుతుంది.

మధురవాడ_శ్రీను
అన్నా, మధ్యలో దూరుతున్నా. మా షాపులో సీసీటీవీ 3+1 వైరు (మూడు కరెంటు వైర్లు, ఒక వీడియో వైరు కలిసినది) ఎలకలు కొరికేశాయి. దానికీ ఇదే పద్ధతా?

గాజువాక_డిష్‌మాస్టర్
శ్రీనూ, అందులో కోయాక్స్ (వీడియో వైరు) సన్నది, చివర్లకి బీఎన్‌సీ అనే వేరే రకం కనెక్టర్ వస్తుంది. రెండు బీఎన్‌సీలు వేసి నడుమ బీఎన్‌సీ జాయినర్ పెట్టు. ఎఫ్ కనెక్టర్ దానికి పట్టదు. కరెంటు వైర్లు సోల్డర్ చేసి హీట్‌ష్రింక్ (వేడికి బిగిసే గొట్టం) వేయి. బొమ్మ పగలు బాగుండి రాత్రి పోతుంటే వీడియో వైరుని అనుమానించకు. చీకటి పడగానే కెమెరా ఐఆర్ లైట్లు వెలిగి ఎక్కువ కరెంటు లాగుతాయి, సన్న వైరులో 12 వోల్టులు పడిపోతాయి. ఎలకల సంగతి మాత్రం నా వల్ల కాదు, వైరుని పైపులో వేయించు.

మోడరేటర్
సుధ గారికి ఫోన్ నంబరు ఇచ్చిన పోస్టు తీసేశాం. నంబర్లు ఇక్కడ పెట్టకండి, ప్రైవేటు సందేశం పంపండి.

లాసన్స్‌బే_సుధ
పని అయింది. బాబాయ్ గారి అయస్కాంతం షాపులో బాగా పనికొచ్చింది. "ప్యూర్ కాపర్" అని చూపించిన మొదటి చుట్టకి టక్కున అంటుకుంది. షాపతను నవ్వి, ఏమీ అనకుండా వేరే చుట్ట తీశాడు.

కింది ముక్క దాదాపు పైపు మూతి దాకా కోయాల్సి వచ్చింది. అక్కడ మెష్ మెరుస్తూ కనిపించాక మీటరు పెడితే ఏ అంకే రాలేదు. నడుమ కొత్త ముక్క, రెండు జాయింట్లు, రెండూ పెట్టెల్లో. కంప్రెషన్ టూల్ కింది ఫ్లోర్ వాళ్ల డిష్ కుర్రాడు తెచ్చాడు. టేపు సాగదీసి చుట్టడం నేనే చేశాను. ఎల్‌ఎన్‌బీ కనెక్టర్ విప్పితే అక్కడా పచ్చటి చిలుము ఉంది, అదీ కోసి కొత్తది వేశాం. సాయంత్రానికి పోయిన ఛానెళ్లన్నీ వచ్చాయి. నిన్న రాత్రి కుండపోత వాన కురిసినా నిలిచాయి. వాన బాగా జోరుగా ఉన్నప్పుడు కాసేపు గళ్లు పడ్డాయి, మళ్లీ సర్దుకుంది. అది మామూలేనా?

గాజువాక_డిష్‌మాస్టర్
అది మామూలే. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ పది, పదకొండు వేల మెగాహెర్ట్జ్ పైన ఉంటుంది, జోరు వాన దాన్ని ఆకాశంలోనే మింగేస్తుంది. వాన వెలిసిన తర్వాత కూడా రాకపోతేనే వైరు మీద అనుమానం.

హామ్_విశాఖ
ఆలస్యంగా చూశాను. మా రేడియో యాంటెన్నా వాళ్లకి ఇదే జబ్బు ఇంకో వేషంలో వస్తుంది, రాసి పెడుతున్నాను. మేం వాడేది 50 ఓంల కేబుల్, ఆర్‌జీ-58, ఆర్‌జీ-213 లాంటివి. టీవీ కనెక్టర్లు వాటికి పెట్టకండి. కేబుల్‌లో నీరు చేరితే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కి వస్తోందో చూపేది) చెడ్డ రీడింగ్ చూపిస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు మునుపటి కంటే మంచి రీడింగ్ వస్తుంది! యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగిన పవర్‌ని తడి కేబుల్ దారిలోనే తినేస్తుంది, మీటరుకి ఏమీ తిరిగి రాదు. రీడింగ్ బాగుంది, మాట మాత్రం ఎవరికీ వినపడదు. మేడ మీద కేబుల్ చివర యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ని తినేసే నిరోధం) పెట్టి, అక్కడికి ఎన్ని వాట్లు చేరుతున్నాయో కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

భీమిలి_బాబాయ్
అమ్మాయ్, ఒక్కటి అడగడం మరిచాను. వైరు దిగే ఆ పైపు మూతి మేడ మీద ఆకాశం వైపు తెరుచుకుని ఉందా, వంపు తిరిగి ఉందా?

లాసన్స్‌బే_సుధ
ఆకాశం వైపే ఉంది బాబాయ్ గారూ, మూత కూడా లేదు.

భీమిలి_బాబాయ్
అయితే రేపు పొద్దున్నే ప్లంబింగ్ షాపులో ఒక పీవీసీ బెండు తెచ్చి తగిలించు. మేస్త్రీ మేడ మీద ఉండగానే చుట్టూ సిమెంటు కూడా పెట్టించు, వాడిక దొరకడు.